కుడి ఇండికేటర్‌కు అర్థమేమిటి? రవాణా శాఖకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా కమిషనర్ గార్లకు, జిల్లాల్లో లైసెన్సు టెస్టులు పెట్టే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లకు నమస్కారం.

మా అమ్మాయికి ఈమధ్యే పద్దెనిమిది నిండాయి. నిండిన వారానికే ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) కావాలని పట్టుబట్టింది. స్లాట్ బుక్ చేశాం. రెండు రాత్రులు ఫోన్ పట్టుకుని రోడ్డు గుర్తులన్నీ బట్టీ పట్టింది. ఎర్ర అంచు త్రికోణమంటే హెచ్చరిక, ఎర్ర వలయమంటే ఆజ్ఞ, నీలం పలక అంటే సమాచారం. కంప్యూటర్ ముందు కూచుని ఒకే ఒక్క తప్పుతో పాసై బయటికొచ్చింది.

తర్వాతి ఆదివారం మా నాన్న, అంటే వాళ్ల తాతయ్య, పక్క సీట్లో కూచుని మాచర్ల నుంచి సాగర్ వెళ్లే రోడ్డెక్కించారు. కారుకి ముందూ వెనకా ఎల్ బోర్డు అంటించాం. వెనక సీట్లో నేను. నాలుగైదు కిలోమీటర్లు పోయాక ముందొక సిమెంటు లారీ తగిలింది. నిండు లోడు, నత్తనడక. దాని కుడి ఇండికేటర్ టిక్కు టిక్కుమని వెలుగుతోంది.

"తాతయ్యా, లారీ రైట్‌కి తిరుగుతోంది. ఆగుతాను."

"తిరగదు తల్లీ. ముందు రోడ్డు ఖాళీగా ఉంది, మనల్ని పొమ్మంటున్నాడు. పో."

"అలాగని ఎక్కడుంది? నేను చదివినదాంట్లో లేదే."

"ఎక్కడా ఉండదు."

"మరి నిజంగానే తిరిగితే?"

ముప్ఫై ఒక్కేళ్లు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టిన మనిషి మా నాన్న. దానికి జవాబు చెప్పలేక కిటికీలోంచి బయటికి చూశారు. లారీ కాసేపు ఇండికేటర్ కొట్టి కొట్టి ఆపేసింది. వెనకాల ఎవరో హారన్ మోగిస్తూనే ఉన్నారు. సాగర్ దాకా మేం ఆ లారీ వెనకే వెళ్లాం.

ఆ ప్రశ్న నన్నడిగినా నేనూ చెప్పలేను. జవాబు మీ దగ్గర ఉండాలి కాబట్టి మీకు రాస్తున్నాను.

అమ్మాయికి ఆ సందేహం రావడానికి పదేళ్ల ముందే నేను ఆ ప్రశ్నకి బలి కాబోయాను. మిర్చి కోతల కాలం. గుంటూరు యార్డుకి టిక్కీల (మిర్చి బస్తాల) లోడుతో పోయే ట్రాక్టరు నా ముందుంది. దానికి కుడి ఇండికేటర్ వెలిగింది. (ట్రాక్టరు ట్రక్కుకి ఇండికేటర్ పనిచేయడమే ఒక వింత, అది వేరే సంగతి.) నాన్న దగ్గర నేర్చుకున్న చదువు ప్రకారం "రా, పో" అంటున్నాడనుకున్నాను. హారన్ కొట్టి పక్కకి వచ్చేసరికి ట్రాక్టరు నిజంగానే కుడికి, పొలం దారిలోకి తిరిగింది. నేను రోడ్డు దిగి తుమ్మచెట్లలోకి పోయి ఆగాను. ఎవరికీ ఏమీ కాలేదు, కారు పక్కద్దం విరిగింది. ట్రాక్టరు నడిపే కుర్రాడు వణికిపోతూ దిగొచ్చి, "ఇండికేటర్ వేశాను కదక్కా, చూళ్లేదా?" అన్నాడు.

చూశాను. చూడబట్టే పక్కకి వెళ్లాను. పుస్తకం ప్రకారం ఆ అబ్బాయిది రైటు. రోడ్డు అలవాటు ప్రకారం నాదీ రైటే. రెండు రైట్లు ఎదురైతే ఒక శవం లేచే చోట నాకు పక్కద్దంతో పోయింది.

ఒకే బల్బుకి మన రోడ్ల మీద ఇప్పుడు మూడు అర్థాలున్నాయి. "నేను కుడికి తిరుగుతున్నాను" అనేది మీరు పరీక్షలో అడిగేది. "కుడివైపు నుంచి నన్ను దాటి పో" అనేది లారీవాళ్లు మర్యాదకి చెప్పేది. "కుడివైపు రావొద్దు, ఎదురుగా బండి వస్తోంది" అని సరిగ్గా దానికి వ్యతిరేకంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లు దారిచ్చేటప్పుడు ఎడమ ఇండికేటర్ వేస్తారు. ఏ లారీ డ్రైవరు ఏ బడిలో చదివాడో వెనకనున్న నాకు ఎలా తెలియాలి? నంబరు ప్లేటు మీద రాష్ట్రం పేరు చూసి ఊహించుకోవాలా?

ఈ దాటిపొమ్మనే సైగ లారీవాళ్లు కొత్తగా పుట్టించింది కాదని చాలామందికి తెలియదు. 1989లో కేంద్రం తెచ్చిన రోడ్డు నిబంధనల్లో చేతి సైగల జాబితా ఉంది. కుడిచెయ్యి బయటికి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే వేగం తగ్గిస్తున్నానని. ముంజేతిని నిటారుగా లేపితే ఆగుతున్నానని. చాచిన చేతిని గడియారానికి వ్యతిరేక దిశలో తిప్పితే ఎడమకి మళ్లుతున్నానని. వాటితో పాటే, వెనకున్న బండిని దాటి వెళ్లమని చెప్పాలనుకుంటే కుడిచెయ్యి బయటికి చాచి ముందుకీ వెనక్కీ అర్ధవలయంగా ఊపాలని కూడా రాశారు. అంటే దారిచ్చే మర్యాదని చట్టం ఒకప్పుడు గుర్తించింది, దానికంటూ ఒక సైగ ఇచ్చింది. ఆ సైగకి ఇంకో అర్థం లేదు.

ఆ చెయ్యి ఎక్కడికి పోయింది? మా నాన్న చెప్పేదాన్ని బట్టి ముందు క్లీనర్లు పోయారు. ఒకప్పుడు ప్రతి లారీలో ఎడమవైపు ఒక క్లీనరు కుర్రాడు కూచునేవాడు. వాడే తలుపు మీద టపటపా కొట్టేవాడు, చెయ్యి ఊపి రమ్మనేవాడు, అరిచి ఆగమనేవాడు. జీతం దండగని యజమానులు మానేశారు. తర్వాత రాత్రి ప్రయాణాలు పెరిగాయి, చీకట్లో చెయ్యి ఎవరికి కనిపిస్తుంది? ఇప్పుడు 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి చేశారు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఇంజను మీద కూచుని బండి నడిపేవాళ్లకి ఏసీ రావడం ఎంతైనా న్యాయం. కానీ అద్దం మూసుకున్నాక చెయ్యి బయటికి రాదు. చేతి పని బల్బు మీద పడింది. బల్బుకి అప్పటికే ఇంకో పని ఉంది.

లారీ డ్రైవర్ల మీద ఫిర్యాదుగా దీన్ని తీసుకోవద్దు. ముందు రోడ్డు నాకు కనపడదు, అతనికి కనపడుతుంది. నా కోసం ఆగి, చూసి, పొమ్మని చెప్పడం అతని డ్యూటీలో లేని పని. ముక్కూ మొహం తెలియని మనిషికి చేసే ఉపకారం. ఆ ఉపకారాన్ని నమ్మి ఎదురు బండి కిందికి వెళ్లేవాళ్లుంటే తప్పు అతనిదా, నాదా, ఆ భాషని పట్టించుకోని మీదా?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క వేసింది. ఆ నివేదికలో డ్రైవరు తప్పుల పట్టికొకటి ఉంటుంది. అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, రెడ్ లైట్ దాటడం, సెల్‌ఫోన్, చివర్లో ఇతరాలు. ఇండికేటర్‌ని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా అర్థం చేసుకుని పోయినవాళ్లకి అందులో గడి లేదు. బతికుంటే చెప్పేవారు. లేకపోతే "అతివేగంగా ఓవర్‌టేక్ చేయబోయి" అని పేపర్లో వస్తుంది.

ఇక మీ టెస్టు సంగతి. నేను ఏ ఆఫీసుకి వెళ్లానో చెప్పను, ఆ ఒక్క ఆఫీసు సమస్య కాదిది. అమ్మాయికి టెస్టు ఎలా ఉంటుందో చూపిద్దామని ముందే ఒకసారి తీసుకెళ్లాను. ఎయిట్ ట్రాక్ ఉంది, రివర్సుకి హెచ్ ట్రాక్ ఉంది, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించే చోటుంది. గంటసేపు చెట్టు కింద నిలబడి చూశాం. ఒక్కొక్కళ్లే వస్తున్నారు, ఒక్కొక్కళ్లే తిరిగి పోతున్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు (మా వైపు మిమ్మల్ని ఇంకా అలాగే పిలుస్తాం, కోపం తెచ్చుకోకండి) ఓపిగ్గానే చూస్తున్నారు. కానీ ఆ ట్రాక్ మీద రెండో బండి లేదు. ఎదురొచ్చేది లేదు, వెనకొచ్చేది లేదు, అడ్డం వచ్చే గేదె కూడా లేదు. రోడ్డంటే ఇంకో మనిషితో బేరం. ఆ మనిషే లేని చోట డ్రైవింగ్ వచ్చో రాదో ఎలా తేలుతుంది?

ఇది నా సొంత కోరిక కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం చూడండి. టెస్టులో అభ్యర్థి ఏమేం చేసి చూపించాలో అక్కడ వరసగా ఉంది. అందులో ఇతర వాహనాలను ఓవర్‌టేక్ చేయడం, తనను ఓవర్‌టేక్ చేయనివ్వడం, ఎదురుపడటం, వాటి దారిని దాటడం, ఇవన్నీ తగిన సైగలిస్తూ చేయాలని ఉంది. "ఓవర్‌టేక్ చేయనివ్వడం" అనే మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఎంత మంచి మాట రాశారు! దాన్ని ఎయిట్ ట్రాక్ మీద ఎవరితో చేసి చూపించాలి?

డ్రైవింగ్ స్కూళ్ల పాఠ్యాంశం చెప్పే 31వ నియమంలోనూ తోటి రోడ్డు వాడకందారులతో నైతికంగా, మర్యాదగా మెలగడం గురించి ఒక పాఠం ఉంది. కారు నేర్పడానికి కనీసం 21 రోజులు, అందులో అసలు నడపడం 10 గంటలైనా ఉండాలని అక్కడే ఉంది. 2021లో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం తెచ్చిన నిబంధనల్లోనైతే 29 గంటల కోర్సులో 8 గంటలు థియరీ పెట్టి, రోడ్డు మర్యాద, రోడ్డు మీద కోపం అని పేర్లు పెట్టి మరీ రాశారు. నేను కారు నేర్చుకున్న చోట నాకు చెప్పిన రోడ్డు మర్యాద ఒకటే: "మేడం, టెస్టు రోజు సారుకి నమస్కారం పెట్టండి."

కాబట్టి మర్యాద మేం ఎక్కడ నేర్చుకున్నాం? పక్క సీట్లలో. మా నాన్న ఆర్టీసీలో చేరిన కొత్తలో సీనియర్ డ్రైవర్ల పక్కన కూచుని నేర్చుకున్నారు. కండక్టరు "రైట్ రైట్" అంటే పోవడం, "హోల్డాన్" అంటే ఉన్నచోట బిగించడం. ఒక బెల్లుకి ఆగడం, రెండు బెల్లులకి కదలడం. ఇవి బస్సు లోపలి భాష, ఇందులో ఎప్పుడూ తికమక రాలేదు. ఎందుకంటే డిపోలో అందరికీ ఒకటే నేర్పారు. బయటి భాషే ఎవరికి తోచినట్టు వాళ్లది.

దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో మా నాన్న చాలా ఏళ్లు బస్సు నడిపారు. అక్కడ ఇరుకు మలుపులో రెండు బండ్లు ఎదురుపడితే దిగేవాడు ఆగాలి, ఎక్కేవాడు పోవాలి. నేను చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "లోడుతో ఎక్కేవాణ్ణి ఆపితే వాడు మళ్లీ కదలడానికి క్లచ్చు కాలిపోతుంది, ఒక్కోసారి వెనక్కి జారుతుంది. దిగేవాడికి బ్రేకు వదిలితే చాలు కదా" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత నిబంధనల్లో చదివాను, అక్షరాలా అదే ఉంది. కొండదారిలో చోటు చాలకపోతే దిగే బండి పక్కకి ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. మా నాన్న ఆ పుస్తకం ఎప్పుడూ చదవలేదు. డ్రైవర్లు అనుభవం మీద కనిపెట్టుకున్న సంగతిని చట్టం తెలివిగా తీసుకుంది, అంతే. ఘాట్ రోడ్డు మీద రూలుకీ మర్యాదకీ తగువు లేదు. తగువంతా మైదానంలోనే.

మైదానంలో మా మర్యాదలన్నీ మంచివని నేను అనను. "పెద్ద బండిదే దారి" అన్నది మన రోడ్ల మీద అందరికీ తెలిసిన అలిఖిత శాసనం. సైకిలు బైకుకి, బైకు ఆటోకి, ఆటో కారుకి, కారు లారీకి తప్పుకోవాలి. నడిచేవాడు అందరికీ తప్పుకోవాలి. చట్టం ఇంకోలా చెబుతుంది. సిగ్నలు లేని చోట ప్రధాన రహదారి మీద పోయే బండికి పక్క దారినుంచి వచ్చేది ఆగాలి. అలాంటి తేడా లేకపోతే కుడివైపు నుంచి వచ్చేదానికి దారివ్వాలి. రౌండ్‌అబౌట్‌లోకి చొరబడేవాడు అప్పటికే తిరుగుతున్నవాడికి ఆగాలి. మన సెంటర్లలో ఎవరి బంపరు ముందు దూరితే వాడిదే దారి. కుడివైపు వాడికి దారివ్వాలన్న సంగతి మా స్కూలు స్టాఫ్ రూములో పదకొండు మందిని అడిగాను. అందరికీ లైసెన్సులున్నాయి. ఇద్దరు చెప్పగలిగారు, అందులో ఒకరు ఊహించి చెప్పానని ఒప్పుకున్నారు.

తప్పు చేయడంలోనూ మాకొక పద్ధతుందని చెబితే నవ్వుతారేమో. రాంగ్ రూట్‌లో వచ్చేవాడు అంచుకి ఒదిగి, లైటు వేసుకుని, తలొంచుకుని రావాలి. అలా వస్తే ఎవరూ తిట్టరు. నడిమధ్యలో దర్జాగా వస్తేనే తిడతారు. యూ టర్న్ రెండు కిలోమీటర్ల అవతల పెట్టిన రోడ్ల మీద ఈ రాంగ్ రూట్ మర్యాద బాగా ముదిరింది. చలానా రాసే ముందు ఆ యూ టర్న్ ఎక్కడ పెట్టారో కూడా ఒకసారి కొలవమని రోడ్లు వేసేవాళ్లకి మీరే చెప్పాలి.

లైట్ కొట్టడం గురించి కూడా చెప్పాలి. మా చిన్నాన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చి గుంటూరు అరండల్‌పేటలో కారు తీశాడు. నాలుగు రోడ్ల దగ్గర ఎదుటి కారు రెండుసార్లు లైట్ కొట్టింది. అక్కడి అలవాటులో అది "ముందు మీరు పోండి" అనే పెద్దమనిషి తరహా. వీడు చెయ్యెత్తి థాంక్స్ చెప్పి కదిలాడు. ఇక్కడ అదే లైటుకి అర్థం "ఆగు, నేనొస్తున్నా". ఇద్దరూ బ్రేకులేసి దిగి, "లైట్ కొట్టాను కదండీ" అని ఒకరు, "లైట్ కొట్టారనేగా వచ్చాను" అని ఇంకొకరు. బ్రిటన్ హైవే కోడ్‌లో ఈ చిక్కు గురించి ఒక వాక్యం ఉంది: మీరున్నారని తెలపడానికే లైట్ కొట్టండి, ఇంకే సందేశానికీ వాడకండి అని. అక్కడి జనం పూర్తిగా వింటారని కాదు. కానీ గొడవ వస్తే చూపించడానికి ఒక వాక్యముంది. మనకి అలాంటి వాక్యం ఒకటి తెలుగులో చూపించండి చూద్దాం.

నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించి జంక్షన్‌లో నేరుగా పోయేవాళ్లు ఇంకొకరు. చెడిపోయి రోడ్డు పక్కన ఆగిన బండికి పెట్టిన ఏర్పాటది. పక్కనుంచి చూసేవాడికి ఆ నాలుగులో ఒకటే కనపడుతుంది, బండి తిరుగుతోందనుకుంటాడు. వానలో కూడా అవే వెలిగించుకుని పోతారు, లేన్ మారితే చెప్పడానికి ఇక ఏ దీపమూ మిగలదు.

హారన్ గురించి ఎక్కువ రాయను. అనవసరంగా మోగిస్తే మొదటిసారి 1,000 రూపాయలు జరిమానా అని 2019 సవరణలో ఉంది. లారీ వెనకేమో "సౌండ్ హారన్" అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. మహారాష్ట్ర 2015లో "హారన్ ఓకే ప్లీజ్" రాతని నిషేధించింది. మన దగ్గర మోగించమని బండి, మోగించొద్దని చట్టం, మధ్యలో చెవులు మావి.

ఇప్పుడు మంచి మర్యాద సంగతి. మన రోడ్లని తిట్టేవాళ్లు ఇది మర్చిపోతారు. నేను రోజూ స్కూటీ మీద స్కూలుకి వెళ్తాను. స్టాండ్ తీయడం మరిచిపోతే ఊరు దాటేలోపు కనీసం ముగ్గురు "మేడం, స్టాండ్!" అని అరుస్తారు. చున్నీ చక్రం వైపు జారితే ఎవడో కుర్రాడు స్పీడు పెంచి పక్కకొచ్చి "అక్కా, చున్నీ!" అని చూపించి వెళ్లిపోతాడు. వాడి మొహం కూడా చూడం. వెనక కూచున్నవాళ్ల బట్టలు చుట్టుకోకుండా చక్రంలో సగానికి తగ్గకుండా కప్పి ఉండాలని మీ నియమాల్లో ఉంది. సగం చక్రాన్ని నియమం కాస్తుంది, మిగతా సగాన్ని ఆ కుర్రాడు కాస్తున్నాడు. పగలు లైటు వెలుగుతుంటే ఎదురొచ్చే పెద్దాయన వేళ్లు ముడిచి విప్పి చూపిస్తాడు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకి లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది, ఆపడానికి స్విచ్చే లేదు. అయినా ఆ పెద్దాయనలు చెయ్యి చూపించడం మానలేదు. నేనూ "అలాగేనండీ" అన్నట్టు తలూపి పోతాను. ఏం చెప్పను?

ముసలమ్మ ఒకామె చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు దాటుతుంటే బస్సు కూడా ఆగుతుంది. జీబ్రా గీత ఉన్నచోట నడిచేవాళ్లదే దారని చట్టం. మా ఊళ్లో గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి, చెయ్యి మాత్రం పనిచేస్తోంది.

అంబులెన్సుకి దారివ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని 2019లోనే వచ్చింది. దారి మాత్రం జనం జరిమానా భయంతో ఇవ్వడం లేదు. 108 సైరన్ వింటే ఆటోవాళ్లే దిగి ట్రాఫిక్ పక్కకి తోయడం నేను చూశాను. ఆ సైరన్‌కి విలువ తగ్గించింది నాయకుల కాన్వాయ్‌లు. 2017 మే 1 నుంచి ఎర్ర బుగ్గలు తీసేశారు. బుగ్గ పోయింది, కూత పోలేదు. ప్రతి కూతకీ పక్కకి జరిగి చూస్తే నాలుగోసారి ఎవడు జరుగుతాడు?

రాత్రిపూట లైట్లు దించుకోవడం మా నాన్న తరానికి నమస్కారం లాంటిది. ఎదుటి బండి అల్లంత దూరాన ఉండగానే డిప్పర్ కొట్టేవారట, అతనూ దించేవాడట. "మనం దించితేనే వాడు దించుతాడు" అంటారు ఇప్పటికీ. హెడ్‌లైటు మధ్యలో నల్లరంగు బొట్టు పెట్టుకునే రోజులవి. దీపానికి 8 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి కళ్లు చెదరకూడదని మీ నియమాల్లో 106వది చెబుతోంది. సాగర్ రోడ్డు మీద ఒక రాత్రి రండి. తెల్ల ఎల్‌ఈడీ బల్బులు అదనంగా బిగించుకున్న కార్లకి ఎదురెళ్తే 8 మీటర్లు కాదు, అర కిలోమీటరు నుంచే కళ్లు మూసుకోవాలి. మా నాన్న ఇప్పుడు రాత్రి బండి తీయడం మానేశారు. చూపు తగ్గిందని పైకి చెబుతారు. చూపు కాదు, ఎవరూ దించడం లేదని అసలు బాధ.

మీరు చేయగలిగింది చాలా ఉంది, అందులో ఖర్చయ్యేది తక్కువ. 1989 రోడ్డు నిబంధనల స్థానంలో 2017లో మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. ఎవరు ఎవరికి దారివ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ దాటకూడదు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఎనిమిదో తరగతి పిల్లకి అర్థమయ్యే తెలుగులో అచ్చు వేయించి ఎల్‌ఎల్‌ఆర్‌తో పాటు చేతికివ్వండి. "మార్గాధికారం", "సంకేత ప్రసరణ" లాంటి మాటలొద్దు. "ఎవరు ఆగాలి" అని రాస్తే చాలు. నేను తెలుగు టీచర్ని, కావాలంటే ఊరికే చూసిపెడతాను.

టెస్టులో రెండో బండి పెట్టండి. మీ ఇన్‌స్పెక్టరే ఇంకో కారులో ఎదురు రావచ్చు. అభ్యర్థి దారిస్తాడా, లైటు దించుతాడా, ఓవర్‌టేక్ చేయనిస్తాడా అన్నది అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. ఎయిట్ బాగా వేసి ఇది రానివాణ్ణి ఫెయిల్ చేయండి. మొదట్లో గోల చేస్తారు, తట్టుకోండి.

అన్నిటికంటే ముందు ఆ కుడి ఇండికేటర్ గురించి ఒక మాట తేల్చండి. నా మట్టుకు అడిగితే, దాటి పొమ్మనడానికి ఇండికేటర్ వాడొద్దనే చెప్పమంటాను. ముందున్నవాడి హామీ మీద వెనకున్నవాడు ప్రాణం పెట్టకూడదు. రోడ్డు తనకి కనపడితేనే దాటాలి. మా నాన్న దీనికి ఒప్పుకోరు. మాచర్ల–సాగర్ లాంటి రెండు వరుసల రోడ్డు మీద ఆ సైగ లేకపోతే లారీ వెనకే గంటలు గడిచిపోతాయని, చివరికి విసిగి గుడ్డిగా దాటేవాళ్లే ఎక్కువవుతారని ఆయన వాదన. ఆయన మాటలోనూ పస ఉంది. సైగ ఉండాల్సిందేనని మీరూ అనుకుంటే తిరగడానికి వాడే దీపాన్ని వదిలేసి ఇంకేదైనా పెట్టండి. లారీ యజమానుల సంఘాలతో, డ్రైవర్లతో కూచుని మాట్లాడండి. ఏది తేల్చినా టోల్ గేట్ల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర, మిర్చి యార్డులో పెద్ద బోర్డులు పెట్టి చెప్పండి. ఆఫీసు గోడకి అంటించి ఊరుకుంటే లారీ డ్రైవరు ఎప్పుడొచ్చి చదువుతాడు?

మా అమ్మాయి ఇప్పుడు ప్రతి ఆదివారం తాతయ్యతో అదే రోడ్డు మీద బండి నడుపుతోంది. గేర్లు బాగా పడుతున్నాయి. లారీ కుడి ఇండికేటర్ వేస్తే మాత్రం వెనకే ఆగిపోతోంది. వెనకవాళ్లు హారన్ కొడుతున్నారు. మొన్నొక కారాయన పక్కనుంచి పోతూ అద్దం దించి, "లైసెన్సు ఎవరిచ్చారమ్మా?" అని అరిచాడు. ఇంకా ఎవరూ ఇవ్వలేదు. వచ్చే నెల పదిహేడున టెస్టు. ఆలోపు దానికి ఏం చెప్పమంటారో ఒక ముక్క రాయండి.

ఇట్లు,
ఒక ఆర్టీసీ డ్రైవరు కూతురు,
పల్నాడు జిల్లా